గ్యారీ కిల్డాల్

గ్యారీ ఆర్లెన్ కిల్డాల్ (మే 19, 1942 – జూలై 11, 1994) అమెరికాకు చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త, డిజిటల్ రీసెర్చ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ స్థాపకుడు. మైక్రోప్రాసెసర్ అంటే ట్రాఫిక్ దీపాలను నడపడానికి, లెక్కల యంత్రాలలో వాడడానికి పనికివచ్చే చిన్న పరికరమని తయారీదారులే భావిస్తున్న రోజులలో, అది పూర్తిస్థాయి కంప్యూటర్ కాగలదని ఇతడు నమ్మాడు. దానికి అవసరమైన ప్రోగ్రామింగ్ భాషను, ఆపరేటింగ్ సిస్టమ్‌ను తానే రాశాడు. ఇతడు రూపొందించిన సీపీ/ఎమ్ 1970ల చివరిలో చిన్న కంప్యూటర్లన్నిటికీ దాదాపు ఉమ్మడి వేదికగా ఉండేది. 1980లో ఐబీఎమ్ సంస్థతో కుదరవలసిన ఒప్పందం కుదరకపోవడంతో ఆ స్థానం మైక్రోసాఫ్ట్‌కు దక్కింది. ఆ ఒక్క సంఘటన వలన కిల్డాల్ పేరు చాలామందికి అవకాశం చేజార్చుకున్న వ్యక్తిగా మాత్రమే తెలుసు. ఇతడి కృషిని పరిశీలించినవారికి ఇది న్యాయమైన అంచనాగా కనబడదు.

బాల్యం, విద్యాభ్యాసం

కిల్డాల్ వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్ నగరంలో జన్మించాడు. తండ్రి తరఫువారు నార్వే దేశం నుండి వచ్చినవారు, తల్లి వైపు స్వీడన్ మూలాలు ఉన్నాయి. తండ్రి జోసెఫ్ కిల్డాల్ ఓడ కెప్టెన్. ఈ కుటుంబం సియాటిల్‌లో నౌకాయాన విద్యను బోధించే పాఠశాలను నడిపేది. నడిసముద్రంలో నక్షత్రాల ఎత్తును కొలిచి, త్రికోణమితి పట్టికల సాయంతో ఓడ ఉన్న చోటును లెక్కగట్టడం అక్కడి ప్రధాన పాఠం. ఇది చాలా శ్రమతో కూడిన లెక్క. పిడి తిప్పితే జవాబు చెప్పే యంత్రం ఒకటి ఉంటే బాగుండునని తండ్రి అనుకునేవాడట. ఈ కోరిక తరువాతి కాలంలో కొడుకు చేతికి మొదటి మైక్రోప్రాసెసర్ వచ్చినపుడు పనికివచ్చింది.

గ్యారీ బడి చదువులో గొప్పగా రాణించలేదు. పుస్తకాలకంటే కార్లను విప్పి బిగించడం మీదనే ఆసక్తి ఎక్కువ. అయినా గణిత ఉపాధ్యాయుడు కావాలనే ఉద్దేశంతో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ కంప్యూటర్‌తో పరిచయం కలిగాక లక్ష్యం మారిపోయింది. 1963లో డొరొతీ మెక్ఈవెన్‌ను వివాహం చేసుకున్నాడు. వీరికి ఒక కుమారుడు, ఒక కుమార్తె కలిగారు.

చదువు ముగిసే సమయానికి వియత్నాం యుద్ధం జరుగుతోంది. యువకులు సైన్యంలో పనిచేయడం తప్పనిసరి. ఆ బాధ్యతను కిల్డాల్ అధ్యాపకుడిగా తీర్చుకున్నాడు. కాలిఫోర్నియాలోని మాంటెరీ పట్టణంలో ఉన్న నేవల్ పోస్ట్ గ్రాడ్యుయేట్ స్కూల్‌లో నౌకాదళ అధికారులకు కంప్యూటర్ పాఠాలు చెప్పే పనిలో చేరాడు. యుద్ధనౌక ఎక్కవలసినవాడు నల్లబల్ల ముందు నిలబడడం కంప్యూటర్ చరిత్రకు కలిసివచ్చిందని చెప్పవచ్చు. ఎందుకంటే మాంటెరీ నుండి సిలికాన్ లోయకు కారులో ఎంతో దూరం లేదు.

మధ్యలో కొంతకాలం సియాటిల్ తిరిగివెళ్ళి 1972లో డాక్టరేట్ పూర్తిచేశాడు. కంపైలర్ ప్రోగ్రామును అనువదిస్తున్నపుడే అందులోని అనవసరపు లెక్కలను గుర్తించి తొలగించడం ఎలా అన్నది ఇతడి పరిశోధనాంశం. 1973లో దీనిపై ప్రచురించిన పత్రం డేటా ఫ్లో విశ్లేషణకు పునాది వేసింది. ప్రోగ్రాములోని ప్రతి చోట ఏ విలువల గురించి ఏమి తెలుసునో ఒక సమాచారంగా రాసుకుని, ఆ సమాచారాన్ని దారులన్నిటి వెంట ముందుకు పంపుతూ, ఇక మార్పు లేదు అనే స్థితి వచ్చేవరకు మళ్ళీమళ్ళీ లెక్కించడం ఈ పద్ధతిలోని సారాంశం. దీనిని కిల్డాల్ పద్ధతి అని పిలుస్తారు. కంపైలర్ల గురించి చదివే విద్యార్థులకు ఈ పేరు నేటికీ ఎదురవుతుంది. కిల్డాల్ జీవితంలో ఆపరేటింగ్ సిస్టమ్ అనేది లేకపోయినా ఈ ఒక్క పత్రంతో శాస్త్రవేత్తగా ఇతడి స్థానం నిలిచి ఉండేది.

ఇంటెల్‌తో పరిచయం

1971 నవంబరులో ఇంటెల్ సంస్థ 4004 అనే మైక్రోప్రాసెసర్‌ను విడుదల చేసింది. దీని గురించి తెలుసుకున్న కిల్డాల్ ఒకటి సంపాదించి ప్రయోగాలు మొదలుపెట్టాడు. ముందుగా విద్యాలయంలోని పెద్ద కంప్యూటర్ మీద 4004 ప్రవర్తనను అనుకరించే ప్రోగ్రాము రాసుకున్నాడు. దాని సాయంతో తండ్రి కోరుకున్న నౌకాయాన లెక్కలకు పనికివచ్చే త్రికోణమితి ప్రమేయాలను రాశాడు. నాలుగేసి బిట్ల చొప్పున మాత్రమే లెక్కలు చేయగల ఆ బుల్లి పరికరానికి ఇది పెద్ద పనే.

ఈ ప్రయోగాలు ఇంటెల్‌కు దారి చూపాయి. బోధన లేని రోజులలో కిల్డాల్ అక్కడ సలహాదారుగా పనిచేయసాగాడు. అప్పటివరకు మైక్రోప్రాసెసర్లకు ప్రోగ్రాములను అసెంబ్లీ భాషలో మాత్రమే రాసేవారు. కిల్డాల్ పీఎల్/ఎమ్ అనే ఉన్నతస్థాయి భాషను ప్రతిపాదించి, 1973లో దాని కంపైలర్‌ను తయారుచేశాడు. మైక్రోప్రాసెసర్ల కొరకు వచ్చిన మొదటి ఉన్నతస్థాయి భాష ఇదే. 8008, 8080 ప్రాసెసర్లకు ఇంటెల్ ఈ భాషను తన వినియోగదారులకు అందించింది, ఎన్నో సంవత్సరాలపాటు దానినే వాడింది.

అయితే ఒక చిక్కు ఉంది. ఈ కంపైలర్ పెద్ద కంప్యూటర్ మీద నడిచేది, అది తయారుచేసిన ప్రోగ్రాము మాత్రం మైక్రోప్రాసెసర్ మీద నడిచేది. కిల్డాల్ తన దగ్గర ఉన్న 8080 యంత్రం మీదనే అన్ని పనులూ చేసుకోవాలని భావించాడు. దీనికి సమాచారాన్ని భద్రపరచే సాధనం అవసరం. కాగితపు టేపు చాలా నెమ్మది. అప్పుడే మార్కెట్లోకి వచ్చిన ఎనిమిది అంగుళాల ఫ్లాపీ డిస్కు అతడి దృష్టిని ఆకర్షించింది. సుమారు 250 కిలోబైట్లు పట్టే ఈ డిస్కులో కావలసిన చోటికి నేరుగా వెళ్ళవచ్చు. షుగార్ట్ సంస్థ నుండి ఒక డ్రైవ్ సంపాదించాడు గానీ, దానిని ప్రాసెసర్‌కు కలిపే కంట్రోలర్ లేదు. ఆ కంట్రోలర్‌ను తయారుచేయబోయి విఫలమయ్యాడు. హార్డ్‌వేర్ తనకు చేతకాని విద్య అని గ్రహించి మిత్రుడు జాన్ టొరోడ్ సాయం కోరాడు.

సీపీ/ఎమ్ ఆవిర్భావం

టొరోడ్ కంట్రోలర్‌ను పూర్తిచేయగా, 1974 శరదృతువులో పసిఫిక్ గ్రోవ్ పట్టణంలోని కిల్డాల్ ఇంట్లో సీపీ/ఎమ్ మొదటిసారి పనిచేసింది. పసిఫిక్ గ్రోవ్ మాంటెరీ పక్కనే సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. సీపీ/ఎమ్ అనే పేరును మొదట కంట్రోల్ ప్రోగ్రామ్ మానిటర్ అనీ, తరువాత మైక్రోకంప్యూటర్ల కంట్రోల్ ప్రోగ్రామ్ అనీ విడదీసి చెప్పేవారు. దీనిని పీఎల్/ఎమ్ భాషలో రాశాడు. ఆదేశాల తీరులో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి పెద్ద కంప్యూటర్ల ప్రభావం కనబడుతుంది.

ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌ను కిల్డాల్ ఇంటెల్‌కు చూపించాడు. ఇంటెల్ పీఎల్/ఎమ్‌ను తీసుకుంది కానీ సీపీ/ఎమ్‌పై ఆసక్తి చూపలేదు. ఆ రోజులలో చిప్పులు అమ్మే సంస్థకు ఆపరేటింగ్ సిస్టమ్‌తో పని ఏమిటన్నది సహజమైన ఆలోచనే. ఆ నిరాసక్తత వలన దాని మీద హక్కులన్నీ కిల్డాల్ చేతిలోనే మిగిలాయి.

ఈ మధ్యకాలంలో ఒక విచిత్రమైన ప్రయత్నం కూడా జరిగింది. శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన బెన్ కూపర్‌తో కలిసి కిల్డాల్ జాతకం చెప్పే యంత్రానికి ప్రోగ్రాము రాశాడు. నాణెం వేసి పుట్టిన తేదీని పెడితే యంత్రం జాతకాన్ని ముద్రించి ఇచ్చేది. మన దేశంలో రైల్వే స్టేషన్లలో బరువుతోపాటు జోస్యం చెప్పే చీటీ ఇచ్చే యంత్రాలు చూసినవారికి ఇది వింతగా తోచదు. కానీ అమెరికాలో ఈ వ్యాపారం సాగలేదు.

డిజిటల్ రీసెర్చ్ స్థాపన

1976లో కిల్డాల్, భార్య డొరొతీతో కలిసి ఇంటర్‌గెలాక్టిక్ డిజిటల్ రీసెర్చ్ అనే సంస్థను ప్రారంభించాడు. నక్షత్ర మండలాల మధ్య వ్యాపారం చేస్తామన్నట్టు ధ్వనించే ఈ పేరు హాస్యానికి పెట్టినదిలా కనిపించినా, డిజిటల్ రీసెర్చ్ అనే పేరు అప్పటికే మరొకరి వద్ద ఉండడం దీనికి కారణం. కొంతకాలం తరువాత ఆ చిన్న పేరే వీరికి దక్కింది. అదే ఏడాది కిల్డాల్ అధ్యాపక వృత్తిని వదలి పూర్తికాలం సంస్థకు కేటాయించాడు. కంప్యూటర్ అభిరుచి పత్రికలలో ప్రకటనలిచ్చి సీపీ/ఎమ్ ప్రతిని 70 డాలర్లకు అమ్మారు. వ్యాపార వ్యవహారాలు, కంప్యూటర్ తయారీదారులతో ఒప్పందాలు డొరొతీ చూసుకునేది. ఈ విభజన 1980 నాటి సంఘటనను అర్థం చేసుకోవడానికి ముఖ్యం.

1977లో ఐఎమ్‌సాయ్ అనే కంప్యూటర్ తయారీ సంస్థ 25,000 డాలర్లకు సీపీ/ఎమ్ లైసెన్సు తీసుకుంది. బేరం ఆడినవాడు ఆ సంస్థ ఉద్యోగి సేమర్ రూబిన్‌స్టీన్. ఇతడే తరువాత మైక్రోప్రో సంస్థను పెట్టి వర్డ్‌స్టార్‌ను విడుదల చేశాడు. 25,000 డాలర్లు పెద్ద మొత్తమేనని డొరొతీ, గ్యారీ భావించగా, దాదాపు ఉచితంగా కొట్టేశానని రూబిన్‌స్టీన్ అనుకున్నాడని చెబుతారు.

ఐఎమ్‌సాయ్ ఒప్పందం సాంకేతికంగా కూడా మలుపు. అప్పటివరకు కొత్త కంప్యూటర్ వచ్చినపుడల్లా కిల్డాల్ సీపీ/ఎమ్‌ను దానికి తగినట్టుగా తానే సవరించేవాడు. తయారీదారులు పదుల సంఖ్యలోకి పెరగడంతో ఇది విసుగు పుట్టించే పని అయింది. యంత్రాన్ని బట్టి మారే భాగాలను, అంటే కీబోర్డు, తెర, డిస్కుతో నేరుగా మాట్లాడే చిన్నచిన్న రొటీన్లను విడదీసి బయాస్ అనే ఒక భాగంలో చేర్చాడు. మిగిలిన వ్యవస్థ ఎక్కడైనా ఒకేలా ఉంటుంది. కొత్త యంత్రం తయారుచేసినవారు బయాస్‌ను తామే రాసుకుంటే చాలు.

ఇది వినడానికి చిన్న మార్పే. కానీ దీని పర్యవసానం చాలా పెద్దది. అంతకు ముందు ప్రోగ్రాము రాసేవాడు ఒక్కొక్క కంప్యూటర్‌కు ఒక్కొక్క రకంగా రాయవలసి వచ్చేది. ఇప్పుడు సీపీ/ఎమ్ కొరకు ఒకసారి రాస్తే వందల రకాల యంత్రాలపై నడుస్తుంది. కంప్యూటర్ అమ్మేవాడితో సంబంధం లేకుండా సాఫ్ట్‌వేర్‌ను మాత్రమే రాసి అమ్ముకుని బ్రతకవచ్చనే స్థితి చిన్న కంప్యూటర్లకు సంబంధించి ఇక్కడినుండే మొదలైంది. వర్డ్‌స్టార్, డీబేస్ 2 వంటి ప్రసిద్ధ ప్రోగ్రాములు సీపీ/ఎమ్ మీదనే పెరిగాయి. మైక్రోసాఫ్ట్ కూడా 1980లో ఆపిల్ 2 కంప్యూటర్‌లో అమర్చే ఒక కార్డును విడుదల చేసింది. దాని ప్రయోజనం ఆపిల్ యంత్రం మీద సీపీ/ఎమ్‌ను నడపడమే. బయాస్ అనే పదం ఆ తరువాత పర్సనల్ కంప్యూటర్ పరిభాషలో స్థిరపడిపోయింది.

1981 నాటికి డిజిటల్ రీసెర్చ్ వార్షికాదాయం 54 లక్షల డాలర్లకు చేరింది. ఉచ్చదశలో సుమారు 3,000 రకాల కంప్యూటర్లపై సీపీ/ఎమ్ నడిచింది. పసిఫిక్ గ్రోవ్‌లో లైట్‌హౌస్ అవెన్యూలోని 801 నంబరు పాత ఇల్లు సంస్థ ప్రధాన కార్యాలయంగా ఉండేది. నౌకాదళ విద్యాలయంలో కిల్డాల్ శిష్యుడైన గోర్డన్ యూబ్యాంక్స్ తన పరిశోధనగా మొదలుపెట్టిన బేసిక్ కంపైలర్ తరువాత సీబేసిక్‌గా ప్రసిద్ధమైంది. అతడి సంస్థను 1981లో డిజిటల్ రీసెర్చ్ కొనుగోలు చేసింది. యూబ్యాంక్స్ తరువాత సిమాంటెక్ సంస్థకు అధిపతి అయ్యాడు.

ఐబీఎమ్‌తో వ్యవహారం

1980లో ఐబీఎమ్ తన మొదటి పర్సనల్ కంప్యూటర్‌ను రహస్యంగా తయారుచేయసాగింది. సాధారణంగా అన్నీ తానే తయారుచేసుకునే ఈ సంస్థ, తొందరలో ఉన్నందున బయటి భాగాలను వాడాలని నిర్ణయించింది. జ్యాక్ శామ్స్ నాయకత్వంలోని బృందం భాషల కొరకు మైక్రోసాఫ్ట్‌ను కలిసింది. ఆపరేటింగ్ సిస్టమ్ కొరకు డిజిటల్ రీసెర్చ్‌ను సంప్రదించమని బిల్ గేట్స్ సలహా ఇచ్చాడు.

ఐబీఎమ్ బృందం పసిఫిక్ గ్రోవ్‌కు వచ్చిన రోజున కిల్డాల్ ఆఫీసులో లేడు. తన సొంత విమానంలో ఓక్లండ్‌లో ఉన్న బిల్ గాడ్‌బౌట్ అనే వినియోగదారుడికి పత్రాలు అందించడానికి వెళ్ళాడు. సహోద్యోగి టామ్ రోలాండర్ కూడా వెంట ఉన్నాడు. ఇక్కడ డొరొతీ ముందు ఐబీఎమ్ వారు రహస్య ఒప్పంద పత్రం ఉంచారు. ఐబీఎమ్ చెప్పేవన్నీ రహస్యం, ఎదుటివారు చెప్పేవి ఏవీ రహస్యం కావు అన్న ధోరణిలో ఉన్న ఆ పత్రంపై సంతకం చేయవద్దని సంస్థ న్యాయవాది సలహా ఇచ్చాడు. ఆమె చేయలేదు.

ఇక్కడినుండి కథనాలు రెండుగా చీలుతాయి. మధ్యాహ్నానికి కిల్డాల్ తిరిగివచ్చి చర్చలలో పాల్గొన్నాడని, ఆ సాయంత్రం కుటుంబంతో సెలవులకు ఫ్లోరిడా వెళుతుండగా విమానంలో మళ్ళీ ఐబీఎమ్ వారే తటస్థపడ్డారని అతడి వైపువారి కథనం. తాను ఆ రోజు కిల్డాల్‌ను కలవనేలేదని శామ్స్ చెప్పాడు. కోట్ల డాలర్ల ఒప్పందాన్ని వదలి కిల్డాల్ సరదాగా విమానం నడుపుకుంటూ తిరిగాడన్న ప్రచారం మాత్రం ఈ రెండు కథనాలలో దేనికీ సరిపోదు. అది వినడానికి బాగుండడం వలన వ్యాపించిన కథ. కిల్డాల్‌ను జీవితాంతం బాధపెట్టినది కూడా అదే.

ఒప్పందం కుదరకపోవడానికి మరింత బలమైన కారణాలు ఉన్నాయి. డిజిటల్ రీసెర్చ్ ఎవరికి లైసెన్సు ఇచ్చినా అమ్మిన ప్రతికి ఇంత అని రాయల్టీ తీసుకునేది. ఐబీఎమ్ ఒకే మొత్తం చెల్లించి తీసుకోవాలని, పేరు కూడా మార్చాలని కోరినట్టు కిల్డాల్ వైపు కథనాలు చెబుతాయి. రెండవ కారణం ఇంకా ముఖ్యమైనది. ఐబీఎమ్ ఎంచుకున్న ప్రాసెసర్ ఇంటెల్ 8088. దీనిపై నడవడానికి 16 బిట్ల సీపీ/ఎమ్ కావాలి. సీపీ/ఎమ్-86 అనే ఆ రూపం 1980 నాటికి ఇంకా పూర్తి కాలేదు.

ఈ ఆలస్యం వలన ఇబ్బందిపడినవారు ఐబీఎమ్ ఒక్కరే కాదు. సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అనే చిన్న సంస్థ 8086 ప్రాసెసర్ బోర్డును తయారుచేసి, ఆపరేటింగ్ సిస్టమ్ లేక అమ్మలేకపోయింది. చూసిచూసి 1980లో అక్కడి ఇంజనీరు టిమ్ ప్యాటర్సన్ తానే ఒకటి రాశాడు. మొదట క్యూడాస్ అనీ, తరువాత 86-డాస్ అనీ పిలిచిన ఇది సీపీ/ఎమ్ ప్రోగ్రాములను సులువుగా మార్చుకునేందుకు వీలుగా, దాని ఫంక్షన్ పిలుపులను అనుకరించింది. ఐబీఎమ్ వారు మళ్ళీ గేట్స్ దగ్గరకు రాగా, మైక్రోసాఫ్ట్ ముందు దీని లైసెన్సును, 1981 జూలైలో పూర్తి హక్కులను కొనుక్కుంది. ఈ రెంటికీ చెల్లించినది లక్ష డాలర్లలోపే. ఐబీఎమ్‌కు దానిని పీసీ డాస్‌గా ఇస్తూనే, ఇతర తయారీదారులకు అమ్మే హక్కును మైక్రోసాఫ్ట్ తనవద్దనే ఉంచుకుంది. తరువాతి చరిత్రను నిర్ణయించినది ఈ షరతే.

1981 ఆగస్టు 12న ఐబీఎమ్ పీసీ విడుదలైంది. పీసీ డాస్‌ను చూసిన కిల్డాల్ తన వ్యవస్థకు ఇది అనుకరణ అని ఆగ్రహించాడు. దావా వేస్తే ఫలితం ఎలా ఉంటుందో చెప్పలేని కాలం అది. సాఫ్ట్‌వేర్‌పై కాపీరైటు ఎంతవరకు వర్తిస్తుందో అమెరికా న్యాయస్థానాలలో ఇంకా తేలలేదు. చివరకు ఐబీఎమ్‌పై దావా వేయకుండా ఉండేందుకు ప్రతిగా, పీసీతోపాటు సీపీ/ఎమ్-86ను కూడా అమ్మడానికి ఐబీఎమ్ అంగీకరించింది. కొనేవారే ఎంచుకుంటారని కిల్డాల్ సంతృప్తి చెందాడు. అయితే ధరలు వెలువడేసరికి పీసీ డాస్ 40 డాలర్లు, సీపీ/ఎమ్-86 240 డాలర్లు. ఎన్నిక జరగకముందే ఫలితం తేలిపోయింది.

86-డాస్‌లో సీపీ/ఎమ్ కోడ్ ఉందా అన్న వివాదం చాలాకాలం నడిచింది. తాను ప్రచురితమైన మాన్యువల్‌ను మాత్రమే చూసి రాశానని ప్యాటర్సన్ వాదించాడు. 2004లో హెరాల్డ్ ఎవాన్స్ రాసిన పుస్తకంలో కిల్డాల్ గురించిన అధ్యాయంపై అతడు 2005లో పరువునష్టం దావా వేయగా, 2007లో న్యాయస్థానం దానిని కొట్టివేసింది. రెండిటి కోడ్‌ను పోల్చిచూసిన ఒక నిపుణుడు 2012లో, నకలు చేసినట్టు ఆధారం దొరకలేదని తేల్చాడు. కోడ్ సంగతి ఎలా ఉన్నా రూపం మాత్రం సీపీ/ఎమ్‌దే. 1990లలో మన ఊళ్ళలోని కంప్యూటర్ శిక్షణా కేంద్రాలలో డాస్ నేర్చుకున్నవారు బట్టీపట్టిన డిర్, టైప్, రెన్ ఆదేశాలు, ఎనిమిది అక్షరాల పేరు, చుక్క, మూడక్షరాల తోక, డ్రైవులకు ఏ, బి, సి అనే అక్షరాలు, ఇవన్నీ పసిఫిక్ గ్రోవ్ నుండి వచ్చినవే. విండోస్‌లో సి డ్రైవ్ నేటికీ ఆ పేరుతోనే ఉంది.

తరువాతి ఉత్పత్తులు

ఐబీఎమ్ పీసీ తరువాత డిజిటల్ రీసెర్చ్ ఒక్కసారిగా కూలిపోలేదు. ఎంపీ/ఎమ్ పేరుతో ఒకే కంప్యూటర్‌ను అనేకమంది వాడుకునే వ్యవస్థను, కంకరెంట్ సీపీ/ఎమ్ పేరుతో ఏకకాలంలో అనేక పనులు చేయగల వ్యవస్థను ఈ సంస్థ అందించింది. అవి డాస్ కంటే ఎంతో ముందున్నాయి. పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే లోగో భాషను కిల్డాల్ స్వయంగా ఇష్టపడి పీసీకి తెచ్చాడు, కానీ అది అంతగా అమ్ముడుపోలేదు. మంచిదైతే చాలు, జనం దానినే కొంటారన్న అధ్యాపకుడి నమ్మకం అతడిలో చివరివరకు ఉన్నట్టు కనబడుతుంది. వ్యాపారంలో ఆ నమ్మకం అతడికి కలిసిరాలేదు.

జెమ్ అనే చిత్రాత్మక వ్యవస్థ మైక్రోసాఫ్ట్ విండోస్ మొదటి రూపం కంటే ముందే మార్కెట్లోకి వచ్చింది. ఇది తమ మాకింటోష్‌ను పోలి ఉందని ఆపిల్ సంస్థ హెచ్చరించడంతో, చెత్తబుట్ట బొమ్మ వంటివి తొలగించి, కిటికీలను ఇష్టంవచ్చినట్టు కదిపే సౌకర్యాన్ని తగ్గించి విడుదల చేయవలసి వచ్చింది. అటారీ ఎస్‌టీ కంప్యూటర్‌లో మాత్రం జెమ్ పూర్తి రూపంలో చాలాకాలం వాడుకలో ఉంది.

1985 జూన్‌లో కిల్డాల్ ముఖ్య కార్యనిర్వహణాధికారి పదవి నుండి తప్పుకుని బోర్డు అధ్యక్షుడిగా కొనసాగాడు. 1988లో సంస్థ డీఆర్ డాస్‌ను విడుదల చేసింది. ఎమ్ఎస్ డాస్‌కు అనుకరణగా, దానికంటే మెరుగైన సౌకర్యాలతో వచ్చిన ఈ వ్యవస్థ మైక్రోసాఫ్ట్‌కు గట్టి పోటీ ఇచ్చింది. అనుకరణకు గురైన సంస్థ తన అనుకరణనే అనుకరించవలసి రావడం చరిత్రలో తరచుగా జరిగే విషయం కాదు. 1991లో డిజిటల్ రీసెర్చ్‌ను నోవెల్ సంస్థ కొనుగోలు చేసింది. డీఆర్ డాస్ హక్కులు 1996లో కాల్డెరా సంస్థకు చేరాయి. పోటీని అణచడానికి మైక్రోసాఫ్ట్ అక్రమ పద్ధతులు వాడిందని కాల్డెరా వేసిన దావా 2000 జనవరిలో రాజీతో ముగిసింది. మైక్రోసాఫ్ట్ ఇందుకు 28 కోట్ల డాలర్లు చెల్లించినట్టు ఆ తరువాత వెల్లడైంది. ఆ సమయానికి కిల్డాల్ జీవించిలేడు.

ఇతర కృషి

1984లో టామ్ రోలాండర్‌తో కలిసి కిల్డాల్ మరొక సంస్థను స్థాపించాడు. నాలెడ్జ్‌సెట్ పేరుతో ప్రసిద్ధమైన ఈ సంస్థ 1985లో గ్రోలియర్ విజ్ఞాన సర్వస్వాన్ని సీడీరామ్ రూపంలో తెచ్చింది. పర్సనల్ కంప్యూటర్ కొరకు సీడీపై వచ్చిన మొదటి విజ్ఞాన సర్వస్వం ఇది. పాటలు వినే పళ్ళెంలో ఇరవై సంపుటాల గ్రంథం పట్టడం, ఏ పదాన్నయినా క్షణాలలో వెతకగలగడం అప్పట్లో అబ్బురంగా ఉండేది.

సామాన్య అమెరికన్లకు కిల్డాల్ తెలిసినది మాత్రం టెలివిజన్ ద్వారా. స్టూవర్ట్ షిఫే నిర్వహించిన కంప్యూటర్ క్రానికల్స్ కార్యక్రమంలో 1983 నుండి 1990 వరకు సహ వ్యాఖ్యాతగా వ్యవహరించాడు. ప్రభుత్వేతర ప్రజా ప్రసార కేంద్రాలలో వచ్చిన ఈ కార్యక్రమంలో తన పోటీదారుల ఉత్పత్తులను కూడా ఓపికగా, నిష్పాక్షికంగా ప్రశ్నించి చూపేవాడు. ఆనాటి కంప్యూటర్ల చరిత్రకు ఈ భాగాలు ఇప్పుడు విలువైన ఆధారాలు.

వ్యక్తిగత జీవితం, మరణం

కిల్డాల్‌ను ఎరిగినవారు నెమ్మదస్తుడిగా, సాహసప్రియుడిగా, డబ్బుకంటే ప్రోగ్రాము రాయడంలోనే ఆనందం పొందే వ్యక్తిగా గుర్తుచేసుకుంటారు. విమానాలు, వేగంగా పోయే కార్లు, పడవలు ఇతడికి ప్రాణం. సముద్రంపై ప్రేమ వంశపారంపర్యంగా వచ్చినదే. డొరొతీతో వివాహం 1983లో విడాకులతో ముగిసింది. రెండవ వివాహం కూడా నిలవలేదు. సంస్థను నోవెల్‌కు అమ్మడంతో సంపన్నుడైన కిల్డాల్ టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ శివారుకు మారాడు. అక్కడ ప్రోమీథియస్ లైట్ అండ్ సౌండ్ అనే చిన్న సంస్థను నడిపాడు.

1992లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ శాస్త్ర విభాగం వార్షికోత్సవానికి ఇతడిని ఆహ్వానించారు. ఆ విభాగం నుండి డాక్టరేట్ పొందిన విద్యార్థి అతడు. కానీ ముఖ్య వక్తగా పిలిచినది ఆ విశ్వవిద్యాలయంలో చదవని, హార్వర్డ్‌లో చదువు మధ్యలో ఆపిన బిల్ గేట్స్‌ను. ఇది కిల్డాల్ మనసును గాయపరచింది. దీని తరువాతనే ఇతడు తన జ్ఞాపకాలను కంప్యూటర్ కనెక్షన్స్ పేరుతో రాశాడు. ప్రచురించకుండా, ప్రతులను దగ్గరివారికి మాత్రం పంచాడు. చివరి సంవత్సరాలలో మద్యపానం ఇతడి ఆరోగ్యాన్ని దెబ్బతీసింది.

1994 జూలై 8న మాంటెరీలోని ఒక బార్‌లో కిల్డాల్ తలకు గాయమైంది. ఎలా తగిలిందన్నది స్పష్టంగా తేలలేదు. ఆసుపత్రికి రెండుసార్లు వెళ్ళివచ్చాడు. మూడు రోజుల తరువాత, జూలై 11న, 52 ఏళ్ళ వయసులో మరణించాడు. తలకు తగిలిన దెబ్బ మరణానికి కారణమని అధికారిక పరీక్షలో తేలింది. సియాటిల్ ఉత్తర భాగంలోని ఎవర్‌గ్రీన్ వాషెల్లీ శ్మశానవాటికలో ఖననం చేశారు.

గుర్తింపు

1995 మార్చిలో సాఫ్ట్‌వేర్ పబ్లిషర్స్ అసోసియేషన్ మరణానంతరం ఇతడిని సత్కరించింది. డొరొతీ 2005లో మరణించింది. సంస్థ చరిత్రలో ఆమె పాత్రకు దక్కవలసినంత ప్రస్తావన దక్కలేదనే చెప్పాలి. మొదటి ప్రకటనలు, మొదటి ఒప్పందాలు ఆమె చేతి మీదుగా జరిగాయి. కానీ ఆమె పేరు సంతకం చేయని ఒక కాగితం సందర్భంలోనే ఎక్కువగా వినబడుతుంది.

2014 ఏప్రిల్ 25న ఐట్రిపుల్‌ఈ సంస్థ పసిఫిక్ గ్రోవ్‌లో డిజిటల్ రీసెర్చ్ పాత కార్యాలయమైన 801 లైట్‌హౌస్ అవెన్యూ ఇంటి ముందు స్మారక ఫలకాన్ని ఏర్పాటుచేసింది. అదే సంవత్సరం కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం సీపీ/ఎమ్ తొలి రూపాల సోర్స్ కోడ్‌ను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. 2016లో కుటుంబ సభ్యుల అనుమతితో ఇతడి జ్ఞాపకాల మొదటి భాగాన్ని కూడా అదే మ్యూజియం విడుదల చేసింది. అనారోగ్య కాలంలో రాసిన మిగిలిన అధ్యాయాలను కుటుంబం ప్రచురించలేదు.